నడుం సంగతి ఫోనులో చెప్పేటప్పుడు

అల్లుడూ,

ఆసుపత్రివాళ్ళు రోజూ పొద్దున్నే నీ ఫోనుకు పంపే ప్రశ్నలకు చదవకుండానే అన్నిటికీ ‘బాగుంది’ అని నొక్కేస్తున్నావట. అమ్మాయి చెప్పింది. చెప్పిందని ఆ పిల్ల మీద ఎగరకు, నేనే గుచ్చి గుచ్చి అడిగాను. నీ వెన్నులో నాలుగు స్క్రూలూ రెండు రాడ్లూ బిగించి పంపినవాళ్ళు ఊరికే కుశలం అడగడం లేదురా నాయనా. ఎవరు ఎలాగున్నావని అడిగినా బాగానే ఉన్నానండీ అనడం మనకి పుట్టుకతో వచ్చిన మర్యాద. పెళ్ళిలో ఎదురుపడ్డ చుట్టానికి ఆ జవాబు సరిపోతుంది. నిన్ను కోసి కుట్టిన డాక్టరుకు సరిపోదు.

ఓపీలో అయితే నువ్వు నోరు విప్పక ముందే ఆయన సగం చూసేస్తాడు. బెంచీ మీద నుంచి లేస్తూ చెయ్యి ఎక్కడ ఆనించావో, గదిలోకి వస్తూ ఏ కాలు ఈడ్చావో, ఏ పక్క చెప్పు ఎక్కువ అరిగిందో, అన్నీ ఆయన కళ్ళలో పడతాయి. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి కాలు ఎత్తి చూస్తాడు, చిన్న సుత్తితో మోకాలి కింద కొడతాడు, గుండుసూదితో పాదం మీద గీస్తాడు. ఫోనులో వీటిలో ఒక్కటీ లేదు. ఉన్నదల్లా నువ్వు చెప్పే మాట, పంపే ఫోటో, చూపించే నడక. ఆ మూడూ సరిగ్గా లేకపోతే అక్కడ కంప్యూటర్లో నీ పేరు ఎదురుగా అంతా బాగుందని ఆకుపచ్చ గుర్తు పడుతుంది, ఇక్కడ నువ్వు మూలుగుతూ పడుంటావు.

నేను పనిచేసిన చోటు నీకు తెలుసు కదా. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టుకున్నాం మా స్టీల్‌ప్లాంట్ బ్లాస్ట్ ఫర్నేసులకి. వాటి లోపలికి ఎవడూ తొంగిచూడలేడు. బయటికొచ్చే నీళ్ళ వేడి ఎంత, గాలి ఒత్తిడి ఎంత, గ్యాసు ఎలా ఉంది, ఆ రీడింగులను బట్టే లోపల ఏం జరుగుతోందో పట్టుకోవాలి. షిఫ్టు దిగేవాడు లాగ్‌బుక్కులో అంకెలు లేకుండా ‘అంతా ఓకే’ అని రాసిపెడితే ఎక్కేవాడు చార్జి తీసుకునేవాడు కాదు. నీ డాక్టరు ఇప్పుడు అలాంటి కంట్రోల్ రూములో కూర్చున్నాడనుకో. గంటగంటకీ అక్కర్లేదు, రోజుకొక్కసారి నిజమైన అంకె పంపు.

అంకె అన్నాను కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను, ఎందుకంటే మనవాళ్ళు తప్పు నొక్కేది అక్కడే. సున్నా నుంచి పది దాకా నొప్పి ఎంత అని అడుగుతుంది ఆ మెసేజ్. మనకి పదిలో ఎంత అని చెప్పుకునే అలవాటు లేదు. రూపాయికి పావలా తగ్గింది, ముప్పావలా తగ్గింది అంటాం. మీ అమ్మని అడిగి చూడు, అలాగే చెబుతుంది. మన లెక్క తగ్గినదానికి, ఆసుపత్రివాళ్ళ లెక్క మిగిలినదానికి. రూపాయికి ముప్పావలా తగ్గిందన్న సంతోషంలో నువ్వు ఏడున్నర దగ్గర వేలు పెడితే, అవతల సిస్టరమ్మ కంగారుపడి ఫోన్ చేస్తుంది. ముప్పావలా తగ్గితే మిగిలింది పావలా, అంటే రెండున్నర. మూడు నొక్కినా తప్పులేదు.

ఇంకొకటి. నడుం నొప్పి, కాలి నొప్పి ఒకటి కావు. కోసినచోట కండ నొప్పి కొన్ని వారాలు ఉంటుంది, మెల్లగా దిగుతుంది, దానికి భయపడక్కర్లేదు. నిన్ను ఆపరేషన్ బల్ల ఎక్కించింది మాత్రం పిర్ర నుంచి పిక్క మీదుగా పాదం దాకా కరెంటు కొట్టినట్టు జివ్వుమనే ఆ నొప్పి. అది ఎంత ఉందో విడిగా చెప్పు. తగ్గి, నాలుగు రోజులు హాయిగా ఉండి, మళ్ళీ హఠాత్తుగా లేచిందంటే అంకెతో సరిపెట్టకుండా ఫోన్ చేసి మాట్లాడు. పాదంలో మొద్దుబారడం మాత్రం అన్నిటికంటే ఆఖర్న పోతుంది. నలిగిన నరం కోలుకోడానికి నెలలు పడుతుంది. అందుకని అది ఉన్నదున్నట్టు చెబుతూ ఉండు, ఇంకా పోలేదేమిటని బెంగ పెట్టుకోకు. ఎప్పుడు చూసి అంకె వేశావో కూడా ముఖ్యమే. మాత్ర వేసుకున్న గంటకి వేసిన అంకె మాత్రది, నీది కాదు. రోజూ ఒకే వేళకి, మాత్రకి ముందు వెయ్యి.

ఈ ఫోను వైద్యం మీద నీకు చిన్నచూపు ఉందని తెలుసు. డబ్బులు తీసుకుని చేతులు దులుపుకున్నారు, ఇక ఫోనులో చూస్తారట అన్నావు మీ అమ్మతో. కాస్త వెనక్కి వెళ్ళి చూడు. మా విశాఖలో కేజీహెచ్ ఆసుపత్రి 1923లో వచ్చినప్పటి నుంచీ శ్రీకాకుళం, విజయనగరం, మన్యం, అవతల కోరాపుట్, రాయగడ జనం పెద్ద జబ్బు చేస్తే ఎక్కువగా ఈ ఊరే వస్తున్నారు. ఆపరేషన్ ఒకసారే. దాని తర్వాత కట్టు మార్పించడానికీ, ఎలా ఉందో చూపించుకోడానికీ పడే తిరుగుడే మనిషిని చంపేది. పార్వతీపురంలో బస్సెక్కి బొబ్బిలి, రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం మీదుగా ఆ గతుకుల్లో సగం పూట కుదుపులు తిని, చీటీ రాయించుకుని, వరుసలో నిలబడి, డాక్టరు ముందు కూర్చునేది మూడు నిమిషాలు. బాగానే ఉంది, నెల తర్వాత రా అంటాడాయన. మళ్ళీ అదే బస్సు. వెన్నులో కొత్త స్క్రూలున్న మనిషికి ఆ ప్రయాణం చేసే మేలేమిటి? నన్నడిగితే, ఈ పద్ధతి పెట్టినవాళ్ళు ఇంకా పదేళ్ళు ముందే పెట్టవలసింది.

ఇది కొత్తగా ఊడిపడిందీ కాదు. చిత్తూరు జిల్లా అరగొండ అని పల్లెటూరు ఉంది, అపోలో ప్రతాప్ సి. రెడ్డి గారి సొంతూరు. అక్కడి ఆసుపత్రిని ఉపగ్రహం మీదుగా పట్నంలోని పెద్ద డాక్టర్లతో కలిపే టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న బిల్ క్లింటన్ చేతుల మీదుగా ప్రారంభించారు. ఆ పనిని భుజాన వేసుకుని నడిపినాయన కె. గణపతి, చెన్నై న్యూరోసర్జన్. అంటే మెదడూ వెన్నూ చూసే డాక్టరే. సరిగ్గా ఇరవై ఏళ్ళ ఒక్క రోజుకు, 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజే, కేంద్ర ప్రభుత్వం టెలిమెడిసిన్ నిబంధనలు బయటపెట్టింది. దానికి కొద్ది నెలల ముందే, 2019 నవంబరులో, సర్కారువారి టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని వచ్చినప్పుడు దేశంలో ముందుగా అందిపుచ్చుకున్నది మన రాష్ట్రం. మీ ఊరి హెల్త్ సెంటర్లో ట్యాబ్ పట్టుకుని కూర్చునే అమ్మాయి చేసేది ఆ పనే. అయితే ఆ ట్యాబ్‌లో కనబడే డాక్టరు నీకు ఆపరేషన్ చేసినాయన కాదు, నీ వెన్నులో ఏముందో ఆయనకి తెలీదు. జ్వరానికో దగ్గుకో అక్కడికి వెళితే డిశ్చార్జి సమ్మరీ చేత్తో పట్టుకెళ్ళు.

ఆ 2020 నిబంధనల్లో నీకు పనికొచ్చేవి రెండు మూడున్నాయి. నిన్ను స్వయంగా చూసిన డాక్టరు, అదే జబ్బుకు, ఆరు నెలల లోపు ఫోనులోనో వీడియోలోనో చూస్తే అది ఫాలో-అప్. ఆరు నెలలు దాటితే మళ్ళీ కొత్త కేసు కిందే లెక్క. ఫోనులో తేలే విషయం కాదు, మనిషి రావాలి అనిపిస్తే ఆ మాట ఏ నిమిషానైనా అనే హక్కు డాక్టరుకుంది. వీడియో వద్దు, నేనే వస్తాను అనే హక్కు నీకూ ఉంది. చీటీ మీద ఆయన రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఇంకో సంగతి చాలామందికి తెలీదు. కంప్యూటరు తెలివితో నడిచే యాప్ ఏదీ తనంతట తాను రోగికి సలహా చెప్పకూడదు, మందు రాయకూడదు. కాబట్టి పొద్దున్నే ‘నమస్కారం, ఈ రోజు మీ నొప్పి ఎంత?’ అని అడిగేది డాక్టరు కాదని గుర్తుపెట్టుకో. అది అడిగి రాసుకుంటుంది, అంతే. దాన్ని పట్టుకుని నేను ఫలానా మాత్ర వేసుకోవచ్చా అని అడగొద్దు.

మాత్రల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆపరేషన్ కొత్తలో నీకిచ్చిన గట్టి నొప్పి బిళ్ళల్లో ట్రమడాల్ ఉంటే, దాన్ని 2018లో మత్తుమందుల చట్టం కిందికి తెచ్చారు. అలాంటివి వీడియోలో రాయడానికి నిబంధనలు ఒప్పుకోవు. అయిపోయాయి కదా అని గాజువాకలో తెలిసిన మందుల షాపు కుర్రాడి చేత బస్సులో పంపించుకోవద్దు. నీ సంగతి నాకు తెలుసు, ఈపాటికి ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. నరాల నొప్పికని ఇచ్చిన ప్రెగబాలిన్ లాంటిది ఉంటే, తగ్గింది కదా అని ఒక్కసారిగా మానేయొద్దు, మెల్లగా తగ్గించాలి. ఎలాగో వీడియోలో అడుగు. విరేచనం సాఫీగా అవ్వకపోతే అదీ చెప్పు, ఆ బిళ్ళలకి అది మామూలే. ముక్కడం నీ నడుంకి మంచిది కాదు.

ఇక ఫోటో. గాయం నీ వీపు మీద ఉంది, నీకు కనబడదు, సెల్ఫీ కోసం మెలి తిరిగితే నేనొచ్చి తంతాను. అమ్మాయి తియ్యాలి. సబ్బుతో చేతులు కడుక్కుని, కట్టు విప్పమన్న రోజునే విప్పి, కిటికీ దగ్గర పగటి వెలుతుర్లో, ఫ్లాష్ లేకుండా, జానెడు దూరం నుంచి ఒకటి, వీపంతా వచ్చేలా ఇంకొకటి తియ్యాలి. ప్రతిసారీ అదే చోట, అదే దూరం. అప్పుడే నిన్నటికీ ఇవాళ్టికీ తేడా తెలుస్తుంది. విప్పిన పాత కట్టును కూడా ఫోటో తియ్యమను. దాని మీద తడి ఎంత, ఏ రంగు అన్నది గాయం కంటే ఎక్కువ చెబుతుంది. మీ అమ్మకి మాత్రం గట్టిగా చెప్పు, గాయం దగ్గర పసుపు వద్దు, పసరు వద్దు, కొబ్బరినూనె వద్దు. పసుపు పూసిన ఒంటి మీద ఎరుపెక్కిందీ లేనిదీ ఫోటోలో ఏ డాక్టరుకి తెలుస్తుంది? ఆవిడ ప్రేమతోనే చేస్తుంది, అదే భయం.

మా వీధిలో ఒకాయన ఇలాగే వెన్ను ఆపరేషన్ అయి ఇంటికొచ్చి, రోజూ వచ్చే మెసేజ్‌కి ఏ ఇబ్బందీ లేదని నొక్కుతూ కూర్చున్నాడు. కట్టు తడుస్తోంది. వాళ్ళావిడ దూది మారుస్తోంది. చెమటే అనుకున్నారు, మే నెల మరి. ఒళ్ళు వెచ్చగా ఉందంటే చేత్తో పట్టి చూసి ఎండ దెబ్బ అనుకున్నారు. చివరికి స్ట్రెచర్ మీద వెళితే మళ్ళీ థియేటర్లోకి తీసుకెళ్ళి గాయం కడగాల్సొచ్చింది. ఆసుపత్రివాళ్ళు అడగలేదా అంటే రోజూ అడిగారు. అందుకే థర్మామీటరు కొనుక్కో. 100.4 దాటితే చేత్తో పట్టి చూసిన లెక్కలొద్దు, ఫోన్ చెయ్యి. కట్టు మీద చీములా వచ్చినా, వాసన వచ్చినా అంతే. నీళ్ళలాంటి తేటద్రవం కారుతూ, లేచి కూర్చుంటే తలనొప్పి పగిలిపోతూ పడుకుంటే తగ్గుతోందంటే, వెన్ను చుట్టూ ఉండే పొరలోంచి నీరు కారుతోందేమో చూడాలి. అది అదే రోజు చెప్పాల్సిన మాట.

ఇంక అసలు ఫోనే పనికిరాని సంగతులు. ఇది రెండుసార్లు చదువు. ఒంటికి వస్తున్నట్టుండి రాకపోయినా, తెలియకుండా బట్టలు తడిసినా, దొడ్డికి వచ్చేది తెలియకపోయినా, సైకిలు సీటు తగిలే చోటంతా, తొడల సందూ ఆసనం చుట్టూ, మొద్దుబారినా, నిన్నటిదాకా లేచిన పాదం ఇవాళ లేవకుండా నేలకు ఈడ్చుకుపోతున్నా, మెసేజ్ పెట్టి జవాబు కోసం కూర్చోకు. వీడియో అపాయింట్‌మెంట్ సోమవారం ఉంది కదా అనుకోకు. తెల్లారనీ అనుకోకు. వెన్ను కింది నరాల గుత్తి నలిగిపోతుంటే గంటల లెక్కలో పని, రోజుల లెక్కలో కాదు. 108కి ఫోన్ చేసి, వెన్నుపూస ఆపరేషన్ అయిన మనిషినని మొదటి మాటగా చెప్పి బయల్దేరు, ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి దారిలోంచి ఫోన్ చేయించు. ఒక పిక్కే వాచి గట్టిపడి నొప్పెట్టినా ఆ రోజే చూపించుకోవాలి. ఊపిరి అందకపోయినా, గుండెలో నొప్పి వచ్చినా 108. ఆడపిల్ల ఫోనులో ఉందని మూత్రం మాట చెప్పడానికి సిగ్గుపడే మగవాళ్ళని చూశాను. అవతల ఉన్న సిస్టరు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా వినేది అదే. నీ సిగ్గు ఆవిడకి ఎందుకూ పనికిరాదు.

సోమవారం వీడియోకి ఎలా కూర్చోవాలో చెబుతా. అసలు కూర్చోవద్దు. మొహం చూపించి మాట్లాడితే డాక్టరుకి నీ మొహమే తెలుస్తుంది. నడవలో ఒక చివర కుర్చీ మీద ఫోను నిలబెట్టించు, నడుమెత్తులో ఉండాలి. వెలుతురు నీ ఎదురుగా ఉండాలి, వెనక తలుపు తెరిచుంటే నువ్వు నల్లగా కనబడతావు. లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టు, మడమలూ పిక్కలూ కనబడాలి. అటు నడిచి ఇటు రా. గోడ పట్టుకోడానికి అందేలా ఉండి, మడమల మీద నాలుగడుగులు, మునివేళ్ళ మీద నాలుగడుగులు వెయ్యి. పడుకుని రెండు పాదాల బొటనవేళ్ళూ తలవైపు లేపు, అమ్మాయి చేత్తో కిందికి నొక్కితే ఏది ముందు ఓడిపోతోందో చెప్పు. సుత్తీ సూదీ లేని డాక్టరుకి ఏ నరం పనిచేస్తోందో తెలిసేది దాదాపు వీటితోనే. మంచం మీద నుంచి ఎలా లేస్తున్నావో కూడా చూపించు. భుజాలూ నడుమూ కలిసి ఒక్కసారే పక్కకి ఒత్తిగిలి, కాళ్ళు కిందికి దించుతూ చేత్తో మంచాన్ని నొక్కి లేవాలి. మధ్యలోంచి పొట్ట బలంతో లేచే నీ పాత అలవాటు వాళ్ళు కళ్ళారా చూసి తిట్టాలి, నేను తిడితే నువ్వు వినవు.

మీ ఇంట్లో సిగ్నల్ సరిగ్గా రాదు కదా. దాని కోసం నిచ్చెనేసుకుని డాబా ఎక్కావంటే ఆ వీడియో ఎందుకు? అవతలింటి వైఫై అడుగు, సిగ్గేమీ లేదు. అడగాల్సినవి ముందే కాగితం మీద రాసి ఆ కుర్చీకే అంటించు, ఎందుకంటే డాక్టరు కనబడగానే మనకి అన్నీ మర్చిపోయి ‘మీ దయ వల్ల బాగుందండి’ ఒక్కటే నోట్లో ఉంటుంది. ఇంకా, జవాబులు నువ్వే చెప్పాలి. మీ తమ్ముడు పక్కన నిలబడి నీ తరఫున గడగడా చెప్పేయడం, నువ్వు తలూపడం కాదు. వాడికి నొప్పి లేదు.

నెలకోసారి వచ్చే పొడుగు ప్రశ్నపత్రం చూసి విసుక్కోకు. ఆస్వెస్ట్రీ అంటారు దాన్ని. ఇంగ్లండులో, వేల్స్ సరిహద్దు దగ్గరుండే ఒక ఊరి పేరది. 1980లో అచ్చయింది, ఇప్పటికీ ప్రపంచమంతా నడుం ఇబ్బందిని దాంతోనే కొలుస్తున్నారు. పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు, వచ్చిన మొత్తాన్ని రెట్టింపు చేస్తే నూటికి ఎంత ఇబ్బందో తేలుతుంది. మంచిదే గానీ తెల్లవాళ్ళ ఇల్లు చూసి రాసింది. ఎంతదూరం నడవగలవని మైళ్ళలో అడుగుతుంది. మైలంటే ఒక కిలోమీటరూ ఆరువందల మీటర్లు, మీ ఇంటి నుంచి పోలమాంబ గుడి దాకా వెళ్ళొస్తే ఎంతవుతుందో తమ్ముడి బండి మీటరు చూసి చెప్పమను. ఎంతసేపు కూర్చోగలవంటే కుర్చీలో. గొంతుక్కూర్చోవడం, బాసింపట్టు వేసుకోవడం, నేల మీద కూర్చుని అన్నం తిని లేవడం, నాటు దొడ్డి, ఇవేవీ అందులో లేవు. మన బతుకంతా అక్కడే కదా. ప్రశ్న లేదు కాబట్టి చెప్పక్కర్లేదనుకోకు. కింద ఖాళీ ఉంటే తెలుగులో రాయి, లేకపోతే వాయిస్ మెసేజ్ పెట్టు. మీ ఇంట్లో కమోడ్ లేదన్న సంగతి ఎవరైనా అడిగారా? అడక్కపోతే నువ్వే చెప్పు, మధ్యలో కన్నం ఉన్న కుర్చీ పెట్టుకోమంటారు. దొరుకుతుంది, ఖరీదూ తక్కువే.

ఎనిమిదో ప్రశ్న చూసి నువ్వు ఫోను బోర్లా పెట్టేసి ఉంటావు. సంసారం గురించి. అది అడగడం వాళ్ళ పని, చెప్పడం నీ పని, అంతకంటే నేనేమీ అనను. ఎప్పటి నుంచి పర్వాలేదో అడగడానికి ఇబ్బందిగా ఉంటే రాసి అడుగు. ఫోనుకి ఉన్న ఒక మంచి గుణం అది, మొహం చూపించక్కర్లేదు.

అడుగుల లెక్క సంగతి. నీ ఫోను రోజూ ఎన్ని అడుగులు నడిచావో చెబుతోందనీ, పదివేలు చేరాలని నువ్వు పంతం పట్టావనీ విన్నాను. ఆ పదివేలు ఏ డాక్టరూ చెప్పిన లెక్క కాదురా. 1965లో జపాన్లో ఒక కంపెనీ అడుగులు కొలిచే పరికరం అమ్ముకుంటూ దానికి పెట్టుకున్న పేరు. నీకు నడకే మందు, నిజమే, కానీ కొంచెం కొంచెంగా, రోజులో నాలుగైదుసార్లు, చల్లబడ్డాక. ఈ రోజు ఎంత నడిస్తే రేపు పొద్దున్న నొప్పి పెరగలేదో అదే నీ లెక్క. ఆ లెక్క వాళ్ళకి పంపు, పెంచమన్నప్పుడు పెంచు.

పొగ తాగుతున్నారా అన్న ప్రశ్నకి ‘లేదు’ అని కొడుతున్నావు. సిగరెట్టు మానేశావు కానీ ఖైనీ సంగతి? నికోటిన్ ఏ దారిన పోయినా ఎముక అతుక్కోడానికి అడ్డుపడుతుంది. రాడ్లు పట్టి ఉంచేది తాత్కాలికంగానే. పూస పూసా అతుక్కోడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది, అది జరక్కపోతే ఆ స్క్రూలు వదులవుతాయి. మీ అమ్మ అడ్డపొగ మాన్పించడం బ్రహ్మ తరం కాదు, నువ్వు మానడం నీ చేతిలో ఉంది. కనీసం ఆ ప్రశ్నకైనా నిజం చెప్పు, దానికి తగ్గట్టు వాళ్ళు చూసుకుంటారు. సుగర్ అంకె కూడా అలాగే, పరగడుపున వచ్చిందే పంపు.

చిన్నవి కొన్ని. గాయం ఫోటో మన కుటుంబం గ్రూపులో పెట్టకు, నలభై మంది నలభై వైద్యాలు చెబుతారు, వాళ్ళలో నేనూ ఉంటాను. ఆసుపత్రి పేరు చెప్పి ఓటీపీ అడిగితే ఇవ్వకు, ఫాలో-అప్‌కి ఓటీపీతో డబ్బులు కట్టించుకునేవాడు దొంగే అనుకో. సిమ్ము మార్చకు. డిశ్చార్జి సమ్మరీ, ఆపరేషన్ నోట్సు, స్క్రూల కంపెనీ స్టిక్కరు ఉన్న కాగితం, అన్నీ పీడీఎఫ్ చేయించి ఉంచు. ఆరోగ్య రికార్డుల కోసం ఇచ్చే ఆభా నంబరు, ఆ పద్నాలుగు అంకెలది, తీసుకోకపోతే తీసుకో. ఎక్స్‌రే ఫిల్మును బల్బుకి అడ్డంపెట్టి ఫోటో తీసి పంపితే అందులో బల్బు తప్ప ఏమీ కనబడదు. పార్వతీపురంలో తీయించినా సీడీగానో ఫైలుగానో అడిగి తీసుకో.

ఆ టిప్పర్ ఓనరు రోజూ ఫోన్ చేస్తున్నాడని తెలిసింది. పోర్టు నుంచి బొగ్గు తోలే పని ఆగిపోయింది, డ్రైవరు దొరకట్లేదు, వీడియోలో డాక్టరుని అడిగి ఫిట్‌నెస్ రాయించుకో అన్నాడట. వద్దు. పాతికేళ్ళ వయసు నుంచి ఆ సీటు మీద పడ్డ కుదుపులు కూడా నీ నడుంని ఇక్కడిదాకా తెచ్చినవాటిలో ఒకటి. బరువు బండి ఎక్కడం ఎప్పుడో, అసలు ఎక్కొచ్చో లేదో అన్నది నిన్ను ఎదురుగా నిలబెట్టి, వంచి, ఎక్స్‌రే చూసి చెప్పాల్సిన మాట. ఆయన ఫోన్ చేస్తే నా నంబరు ఇవ్వు, నేను మాట్లాడతాను. ఆరు వారాల ఎక్స్‌రేకి ఎలాగూ రావాలి కదా, దానికి మాత్రం మనిషివే రా. బస్సు వద్దు, రైల్లో అయితే మధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యొచ్చు. ముందురోజు సాయంత్రానికే వచ్చి మా ఇంట్లో పడుకో, కింది గదిలో ఎత్తు మంచం ఉంది, బాత్రూంలో కమోడూ ఉంది. అత్తతో చెప్పాను. నొప్పి అంకెలు రాసుకున్న కాగితం మర్చిపోకుండా తెచ్చుకో, ఫోను పోగొట్టుకోవడం నీకు కొత్త కాదు.